ఆ గోడ మీది అక్షరాలు ఆవిడవి కావు

ఆ గోడ మీది అక్షరాలు ఆవిడ వేయించినవి కావు. ముందు ఈ మాట చెప్పేస్తే నా గుండె బరువు కొంత దిగుతుంది. మిగతాది నెమ్మదిగా చెబుతాను.

మండపేటలో ఒక కాన్వెంటు స్కూల్లో ఆయాగా పనిచేస్తున్నాను. నర్సరీ పిల్లల ముక్కులు తుడవడం, మూతులు కడగడం, ఏడిస్తే ఎత్తుకోవడం నా పని. పోయిన వానాకాలం నర్సరీ గది గోడ బాగా నాని, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. కింద పాత రంగు బయటపడింది. నీలం పట్టీ మీద పసుపుపచ్చ అక్షరాలు. అక్షరాలంటే అక్షరాలని కాదు, అక్షరాల్లా కనిపించేవి. కొన్ని గుండ్రంగా, కొన్ని కొంకి తిరిగి, కొన్ని నెత్తి మీద గీత పెట్టుకుని.

మొన్న అడ్మిషన్లకని భార్యాభర్తలిద్దరు ఒక బుజ్జిగాణ్ణి తీసుకుని వచ్చారు. గదులన్నీ చూపిస్తూ మా కరస్పాండెంటు గారు వాళ్ళని నర్సరీలోకి తీసుకొచ్చారు. ఆ తండ్రి గోడ చూసి అడిగాడు.

"ఇవేం అక్షరాలండి?"

కరస్పాండెంటు గారు గోడ వైపు ముచ్చటగా చూశారు. "స్పానిష్ అండి. పదకొండేళ్ళ కిందటే మన స్కూల్లో స్పానిష్ చెప్పించాం. హైదరాబాదులో పెద్ద చదువు చదివిన మేడం ఉండేవారు. ఆవిడే దగ్గరుండి వేయించారివి. మళ్ళీ రంగులు దిద్దించి ఉంచేద్దామనుకుంటున్నాను."

నేను అక్కడే కింద కూర్చుని ఒక పిల్లాడి బూటు లేసు ముడేస్తున్నాను. ముడి పడలేదు. వయసు వల్ల కాదు.

ఆవిడ వేయించారట. ఏది చేయనన్నందుకు ఆవిణ్ణి ఈ స్కూల్లోంచి పంపించేశారో, ఆ పనే ఆవిడ నెత్తిన పెట్టేశారు. అదీ మెచ్చుకోలుగా, నవ్వుతూ.

ఆవిడ పేరు నేను రాయను. తెలిసినవాళ్ళకి తెలుసు. ఊరు ఆవిణ్ణి స్పానిష్ మేడం అనేది. బ్యాంకు మేనేజరు గారి భార్య. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. జడంటే మహా ప్రేమ. ఎంత తొందరలో ఉన్నా జడ వంకరగా ఉంటే మళ్ళీ విప్పి అల్లుకునేవారు. కోపమొస్తే ముందు ముక్కు కొస ఎర్రబడేది. అది చూసి నేను పిల్లల్ని అటు జరిపేసేదాన్ని, కానీ పిల్లల మీద ఆ కోపం ఎప్పుడూ పడలేదు. పెద్దవాళ్ళ మీదే పడేది. గొడుగు మరిచిపోని రోజు లేదు. సంచీలో ఎప్పుడూ వేయించిన వేరుశనక్కాయలుండేవి. తిని తొక్కలు మళ్ళీ ఆ సంచీలోనే వేసుకునేవారు. రుమాలు తీయబోతే తొక్కలు రాలేవి. అందరూ నన్ను "ఏయ్ ఆయా" అనేవాళ్ళు. ఆవిడ మాత్రం "ఆయమ్మగారూ, మీరు" అనేవారు. అలాగని తీపి మాటలు మాట్లాడే మనిషి కాదు. నేను ఊడ్చిన చోట మళ్ళీ చీపురు పట్టుకుని, "ఇదేనాండి ఊడ్చడం" అనేవారు.

ఆవిడ మా స్కూలుకి ఎందుకొచ్చారంటే, కాలవ అవతల స్కూలువాళ్ళు కంప్యూటర్లు పెట్టారు. మా పిల్లలు కొందరు అటు పోయారు. మా కరస్పాండెంటు గారికి రైసు మిల్లుంది. "బియ్యానికి పాలిష్ పట్టకపోతే ఎవడు కొంటాడండి? పిల్లలకీ అంతే" అనేవారు. ఏం పాలిష్ పెట్టాలా అని ఆయన వెతుక్కుంటున్న రోజుల్లో, బ్యాంకులో పనిమీద కూర్చున్నప్పుడు మేనేజరు గారి భార్యకి స్పానిష్ వచ్చని తెలిసింది. ఆవిడ హైదరాబాదులో ఆ భాషే చదువుకుని, కంపెనీల కాగితాలు తెలుగు నుంచీ ఇంగ్లీషు నుంచీ అందులోకి మార్చే ఉద్యోగం చేసి, భర్తకి బదిలీ అయితే మానేసి వచ్చారు. ఇంకేం, మర్నాటికల్లా ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. మన మండపేటలో మొట్టమొదటిసారిగా, మూడేళ్ళ పిల్లలకే స్పానిష్. ఆ మైకు విని రైతుబజారులో ఆడవాళ్ళు నన్నడిగేవారు, "ఏంటమ్మా అది, తినేదా?" అని.

మొదటి రోజున ఆవిడ నన్ను వరండాలో నిలబెట్టి చెప్పిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది.

"ఆయమ్మగారూ, గదిలో నేను తెలుగు మాట్లాడనండి. మాట్లాడాల్సొస్తే గడప దాటి బయటికొస్తాను. మీరు కంగారు పడకండి."

"ఎందుకండి అంత కష్టం?"

"గదికి ఒక భాష, వరండాకి ఒక భాష. చిన్నపిల్లలకి ఆ తేడా ఇట్టే పట్టుబడుతుందండి. పెద్దవాళ్ళకే పట్టుబడదు."

నిజంగా అలాగే చేశారు. కుర్చీలో కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. కొంగు నడుముకి దోపుకుని, పిల్లల మధ్య నేల మీద చతికిలబడేవారు. నీళ్ళ చెంబు ఎత్తి "ఆగ్వా" అనేవారు. తాగేవారు. మళ్ళీ ఎత్తేవారు. నారింజపండు తెచ్చి, ఒలిచి, తొనలు పంచేవారు. ఆ పండు పేరు వాళ్ళ భాషలోనూ కొంచెం మన నారింజలాగే ఉంటుందని ఒకసారి నాతో చెప్పి, తనే కనిపెట్టినట్టు మురిసిపోయారు. చేతులు చాపి "మానోస్" అనేవారు. పిల్లలు చేతులు చాపేవారు. మానోస్ అంటే చేతులు. టిఫిను ముందు నేను కుళాయి దగ్గర నిలబడి ఆ మాటే అనాలి. నాకు ఆవిడ పెట్టిన పరీక్షలు పిల్లలకి కూడా పెట్టలేదు.

మధ్యలో కరస్పాండెంటు గారు గదిలోకి వచ్చి "ఎలా ఉందండి మేడం?" అని అడిగితే, ఆవిడ లేచి, ఆయన పక్కనుంచి నడిచి, గడప దాటి, వరండాలో ఎండలో నిలబడి అప్పుడు జవాబు చెప్పేవారు. ఆయన వెనకే బయటికి రావాల్సి వచ్చేది. మొదట్లో నవ్వేవారు. తర్వాత నవ్వడం మానేశారు.

ఆ గదిలో చిట్టి అని ఒక పిల్ల ఉండేది. ధాన్యం కమీషను వ్యాపారి గారి అమ్మాయి. చేరిన రోజునుంచీ ఒకటే ఏడుపు. ఆవిడ దాన్ని చంకనెత్తుకుని గడప దాటేవారు. "ఏమ్మా, అమ్మ కావాలా? సాయంత్రం వస్తుంది కదా. కాకిని చూద్దామా?" అని తెలుగులో బుజ్జగించేవారు. ఏడుపు తగ్గాక మళ్ళీ లోపలికి అడుగు పెట్టేవారు. పెట్టగానే మాట మారిపోయేది. కొన్నాళ్ళకి ఏం జరిగిందంటే, చిట్టికి ఏదైనా బాధొస్తే ఏడవడం మానేసింది. వచ్చి ఆవిడ కొంగు పట్టుకుని గడప దాకా లాక్కుపోయేది. బయటికెళ్ళాక చెప్పుకునేది, "మేడం, నా రబ్బరు పోయింది" అని. చెప్పుకోవడం అయ్యాక తనే ముందు లోపలికొచ్చి, దాహమేస్తే "ఆగ్వా" అనేది. మూడేళ్ళ పిల్ల. ఆ తెలివి చూసి నేను దిష్టి తీశాను.

కానీ ఆవిడ బోర్డు మీద ఒక్క గీత గీయలేదు. పలకలు ఇంటి నుంచి ఎలా వచ్చేవో అలాగే ఇంటికి పోయేవి. దాంతో చిట్టి తండ్రి ఒకరోజు పొద్దున్నే వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. కానీ ఏది కొన్నా కాటాలో పెట్టి చూసుకోవాలి ఆయనకి.

"పలక మీద ఒక్క ముక్కా లేదేంటండి మేడం?"

ఆవిడ గడప దాటి వచ్చారు. "మీ అమ్మాయికి వేలు ఇంకా వంగదండి. వంగాక రాస్తుంది."

"మరి ఇన్నాళ్ళూ ఏం నేర్పారండి?"

"దాహమేస్తే ఏమంటుందో ఇంటికెళ్ళి వినండి."

"నీళ్ళడగడానికి స్పానిష్ ఎందుకండి? మా ఇంట్లో బిందె ఉంది."

పక్కన నిలబడ్డ తల్లులు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నిజం చెప్పాలి కదా. ఆవిడ ముక్కు కొస ఎర్రబడింది. "బిందెకి మాటలు రావండి, మీ అమ్మాయికొస్తున్నాయి" అని లోపలికెళ్ళిపోయారు. అలా మాట్లాడకుండా ఉండాల్సింది. ఊళ్ళో పదిమందితో పని ఉన్న మనిషికి ఆ మాట గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ మాఘమాసంలో సరస్వతీ పూజ వచ్చింది. కరస్పాండెంటు గారికి ఒక ఆలోచన తట్టింది. మన పిల్లలకి పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి, మొదటి అక్షరం రాయిస్తాం కదా. అలాగే స్పానిష్‌కీ అక్షరాభ్యాసం చేయించాలని. నర్సరీ పిల్లలందరికీ ఒకేసారి, పందిరి వేసి, పంతులుగారిని పెట్టి. బియ్యం ఆయన మిల్లువే.

ఆవిడ వద్దన్నారు. "వీళ్ళు మాట్లాడుతున్నారండి. రాయడం తర్వాత. ఏ భాషకైనా అంతే. మనమూ అమ్మ అన్నాక ఎన్నేళ్ళకి రాశామండి?"

"కార్డులు అచ్చయిపోయాయండి మేడం" అన్నారాయన.

పందిట్లో తండ్రులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. కొత్త బట్టలు, బొట్లు, ముందర పళ్ళెంలో తెల్లటి బియ్యం. పంతులుగారు మంత్రం చదివి ఓంకారం రాయించేసి, "ఇకమీద మీదేనమ్మా, మీ భాష నాకు రాదు" అని పక్కకి జరిగారు. చిట్టి తండ్రి మొదటి వరసలో ఉన్నాడు. ఆవిడ చిట్టి ఎదురుగా కూర్చుని, దాని చూపుడు వేలు పట్టుకుని, బియ్యంలో మెల్లగా రాయించారు. రెండు ఏటవాలు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత.

ఆయన మెడ చాపి చూశాడు. "ఇది ఏ కదండీ?"

"అవునండి."

"ఏబీసీడీల్లో ఏ?"

"అవునండి."

"మరి స్పానిష్‌ది రాయించండి."

"అదేనండి ఇది. వాళ్ళవీ ఈ అక్షరాలే."

అప్పుడాయన లేచి నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

"మన తెలుగుకి మన అక్షరాలున్నాయి. తమిళానికి వాళ్ళవున్నాయి. ఒరియావాళ్ళకి వాళ్ళవున్నాయి. మన మిల్లుకొచ్చే ప్రతి లారీ మీదా ఒక్కో రకం చూస్తున్నాం. అంత పెద్ద భాషంటున్నారు, దానికి సొంత అక్షరాలు లేవాండి?"

వింటే ఎంత న్యాయంగా ఉందో చూడండి. మన వైపు పుట్టి పెరిగిన ఎవరికైనా అలాగే తోస్తుంది. భాష వేరంటే అక్షరాలు వేరు. ఆవిడ ఏదో చెప్పబోయారు, హిందీకీ మరాఠీకీ ఒకటే లిపి కదండీ అని. ఎవరూ వినలేదు. నమ్మించడానికి చివరికి ఆవిడ పక్క పళ్ళెంలో ఇంకో అక్షరం రాశారు, నెత్తి మీద చిన్న అలలాంటి గీత ఉన్నది. "ఇదొక్కటి వాళ్ళకి ప్రత్యేకంగా ఉందండి."

"ఒక్క అక్షరానికి ఏడాది పొడుగునా ఫీజాండి?" అన్నాడు చిట్టి తండ్రి.

ఆ నవ్వు నేను మరిచిపోలేను. పందిరంతా నవ్వింది. మాస్టర్లూ టీచర్లూ కూడా నవ్వారు. నవ్వులోంచి మాటలు లేచాయి. ఇంగ్లీషునే అటూ ఇటూ తిప్పి చెబుతోందనీ, అసలు ఆవిడకి ఆ భాష వచ్చో రాదో ఎవరు చూశారనీ, మోసమనీ. ఎవరో వెనకనుంచి ఇంకా పెద్ద మాట అన్నారు. ఆవిడ భర్త ఆ పందిట్లోనే, మర్యాదకి పిలిస్తే వచ్చి, ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముఖం నేను చూడలేకపోయాను.

ఆవిడ ఏడవలేదు. వేళ్ళకంటిన బియ్యపు గింజలు ఒక్కొక్కటీ తీసి పళ్ళెంలో వేశారు. చిట్టి చెయ్యి వదిలి లేచారు. చిట్టికి ఏం అర్థమైందో గానీ, ఆవిడ కొంగు పట్టుకుని లాగింది. అక్కడ గడప లేదు పాపం దానికి.

రెండోరోజు కరస్పాండెంటు గారు నర్సరీకి వచ్చారు. ఈసారి ఆయనే గడప బయట నిలబడి పిలిచారు. నేను లోపల పిల్లల చాపలు చుడుతున్నాను. ప్రతి మాటా వినబడింది.

"మేడం, ఓ పని చేద్దామండి. మీరే ఓ ఇరవై ముప్పై అక్షరాలు వేసేయండి. కొత్తగా, గుండ్రంగా ఉంటే చాలు. గోడ మీద రాయించేద్దాం. మళ్ళీ ఎవరూ నోరెత్తరు."

"లేని అక్షరాలా?"

"ఈ ఊళ్ళో ఎవరికి తెలుసండి?"

"పిల్లలు నిజమనుకుంటారండి."

"మూడేళ్ళ పిల్లలకి ఏం తెలుస్తుందండి?"

"తెలీదు కాబట్టే వద్దంటున్నాను."

ఆయన గొంతు తగ్గించారు. ఆయన బాధ ఆయనకుంది, అదీ చెప్పాలి. "పిల్లల్ని మాన్పించేస్తామంటున్నారండి. స్కూలు పడిపోతే ఇంతమంది ఆడవాళ్ళ జీతాలు ఎక్కణ్ణించి తేను? ఇదిగో, ఈ ఆయమ్మ ఉంది. మీరు పెద్ద మనసు చేసుకోవాలి."

నన్ను చూపించి అడిగారు. నా అన్నం పళ్ళెం చూపించి ఆవిణ్ణి అబద్ధం చెప్పమన్నారు. ఆవిడ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. ఊపానో లేదో, ఆవిడ అప్పటికే మాట్లాడుతున్నారు.

"నిన్న వాళ్ళు నన్ను మోసగత్తె అన్నారు. అది అబద్ధం అండి. మీరు చెప్పింది చేస్తే అది నిజమైపోతుంది."

ఆ వారం చివర ఆవిణ్ణి మానిపించారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రోజూ బడి వదిలే వేళ ఆవిడ గుమ్మం లోపల నిలబడి పిల్లలకి ఒక మాట చెప్పేవారు, "ఆస్తా మన్యానా" అని. రేపటిదాకా సెలవు అని దానర్థమట. పిల్లలూ అదే మాట కేకపెట్టి పరిగెత్తేవారు. ఆఖరి రోజు సాయంత్రం కూడా పిల్లలు వరసగా నిలబడి ఆ మాట కోసం చూశారు. ఆవిడ అనలేదు. "ఆదియోస్" అన్నారు, ఇక సెలవని. పిల్లలు అర్థంకాక ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. చిట్టి మాత్రం గట్టిగా "ఆస్తా మన్యానా" అంది. మిగతా పిల్లలూ అందుకున్నారు. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు గానీ ఆ మాట తిరిగి అనలేదు. అందరూ వెళ్ళాక గడప దాటి వచ్చి నాతో అన్నారు, "రేపు నేనుండను కదండీ. ఎలా అంటాను?"

సంచీ సర్దుకుంటుంటే వేరుశనగ తొక్కలు రాలాయి. ఊడ్చబోతే చీపురు లాక్కుని తనే ఊడ్చారు. వెళ్తూ వెళ్తూ, "మీరు మానోస్ ఒక్కటే బాగా పలుకుతారు ఆయమ్మగారూ. మిగతావన్నీ పాడు చేస్తారు" అన్నారు. గొడుగు మరిచిపోయారు. పరిగెత్తి వీధి మలుపులో ఇచ్చొచ్చాను.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

లారీల వెనక పేర్లు రాసే పెయింటరుని పిలిపించారు. అతను నీలం పట్టీ వేసి, పసుపుపచ్చ రంగుతో సాయంత్రానికల్లా స్పానిష్ అక్షరాలు దింపేశాడు. టీ ఇవ్వబోతూ, "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ ఇవి?" అని అడిగాను. "ఏముందమ్మా, ఒరిస్సా లారీలవి కొన్ని, తమిళ లారీలవి కొన్ని, నా సొంతం కొన్ని. తల కింద చేసి వేశాను, పోల్చుకోలేరు" అన్నాడు. పాపం అతనిలో దాపరికం లేదు, చెప్పిన పని చేశాడు. కొన్నాళ్ళకి తమిళ లారీ మీద బెంచీలు దిగితే, వాటిని మోసుకొచ్చిన డ్రైవరు ఆ గోడ చూసి మెడ పక్కకి వంచి, ఒక అక్షరం మీద వేలు పెట్టి నవ్వాడు. "ఇది మాది. పడిపోయింది" అన్నాడు. అక్కడ టీచర్లున్నారు. విన్నారు. ఒక్కరికి చీమ కుట్టలేదు.

కొత్త టీచరమ్మ వచ్చింది. ఇంటరు తప్పిన పిల్ల, చెప్పింది చేసే పిల్ల. బెత్తంతో ఆ అక్షరాలు చూపించి, వాటికి ఏవో శబ్దాలు పెట్టి చదివించేది. పలకల నిండా రాయించేది. తల్లిదండ్రులు పలకలు చూసుకుని మురిసిపోయారు. "ఇప్పుడు చదువులా ఉంది" అని చిట్టి తండ్రి అందరితో అన్నాడు.

ఒకరోజు చిట్టి కుళాయి దగ్గర చెయ్యి చాపలేదు. వెనక దాచుకుంది. బలవంతాన తీసి చూశాను. అరచేతిలో స్కేలు దెబ్బ ఎర్రగా తేలి ఉంది. అక్షరం తప్పు రాసిందట. కొంకి అటు తిరగాల్సింది ఇటు తిరిగిందట.

నేను వెళ్ళి టీచరమ్మని అడిగాను. "తప్పేదమ్మా అందులో? ఒప్పు ఎక్కడుంది?"

"నాకేం తెలుసు ఆయమ్మా. గోడ మీద అలా లేదు కదా" అంది. దాని కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

ఆ సాయంత్రం రైతుబజారులో ఆవిడ కనబడ్డారు. వంకాయలు ఏరుతున్నారు. "ఎలా ఉన్నాయండి నా అక్షరాలు?" అని వెటకారంగా అడిగారు. "గుండ్రంగా ఉన్నాయండి" అన్నాను. నవ్వారు. "చిట్టి ఎలా ఉందండి?" అన్నారు. చెప్పాను. చేతిలో వంకాయలు తట్టలో పడేసి, నాతో మాటైనా చెప్పకుండా, విసవిసా ధాన్యం కొట్టు వైపు నడిచారు. నేను వెనక పడ్డాను.

చిట్టి తండ్రి బస్తాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆవిడ మెట్టెక్కలేదు, వీధిలోనే నిలబడ్డారు.

"మీ అమ్మాయి అరచెయ్యి చూశారా?"

"చదువన్నాక రెండు పడతాయండి. మేం తినలేదా?"

"ఆ అక్షరం ఈ లోకంలో లేదండి. లేని అక్షరం తప్పు రాసిందని కొట్టారు."

ఆయన నింపాదిగా తల ఎత్తాడు. "మీకు రానంత మాత్రాన లేకుండా పోతుందాండి?"

ఆవిడ ముక్కు కొస ఎర్రబడలేదు ఈసారి. ముఖమంతా తెల్లబోయింది. వెనక్కి తిరిగి నడిచారు. తిరిగి వస్తుంటే దారి పొడుగునా నేనే ఆగలేక తిట్టాను, ఆయన్నీ, కరస్పాండెంటు గారినీ, పెయింటరునీ, పందిట్లో నవ్విన అందరినీ. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి, "ఆ పిల్లకి కొబ్బరి నూనె రాయండి" అన్నారు.

ఆ వేసవిలో మేనేజరు గారికి బదిలీ అయింది. ఎక్కడికో నాకు తెలియదు. అడ్రసు అడిగే ధైర్యం చేయలేదు. గోడ మీది స్పానిష్ ఇంకో రెండేళ్ళు నడిచి, తర్వాత అబాకస్ రావడంతో దాని మీద సున్నం పడింది. ఎవరూ ఎందుకని అడగలేదు. నేర్చుకున్న పిల్లలు అవి మరిచిపోయారు, అదొక్కటే మేలు.

చిట్టి ఇప్పుడు తొమ్మిదో తరగతి. మా స్కూల్లోనే. ఆవిడ ముఖం దానికి గుర్తు లేదు. కానీ నాతో ఏదైనా మనసులో మాట చెప్పాలంటే ఇప్పటికీ నా కొంగు పట్టుకుని గుమ్మం బయటికి లాక్కుపోతుంది. ఎందుకే అంటే, "ఏమో, లోపల చెప్పాలనిపించదు" అంటుంది.

ఇదీ సంగతి. అందుకే మొన్న కరస్పాండెంటు గారు ఆ మాట అనగానే లేచి నిలబడ్డాను.

"ఆవిడ వేయించలేదండి ఇవి" అన్నాను. "వేయనన్నారు. అందుకే మీరు పంపించేశారు. లారీల పెయింటరు వేశాడండి."

ఆ తండ్రి నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. కరస్పాండెంటు గారు నవ్వి ఆయన భుజం తట్టారు. "మా ఆయమ్మ పెద్దదైపోయిందండి. పాత సంగతులు కలగలిపేస్తుంది. రండి, కంప్యూటరు రూము చూద్దురుగాని." మగవాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు. తల్లి మాత్రం పిల్లాణ్ణి ఎత్తుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

అంతలో టిఫిను గంట కొట్టారు. నర్సరీ పిల్లలు తోసుకుంటూ కుళాయి దగ్గరికి వచ్చారు. నేను కళ్ళు తుడుచుకుని, కుళాయి తిప్పి, రోజూ అనే మాటే అన్నాను. "మానోస్." పిల్లలందరూ చేతులు ముందుకు చాపారు. మట్టి చేతులు, రంగు అంటిన చేతులు, ఉంగరం వేలికి వదులైన చేతులు. గుమ్మంలో ఆ తల్లి చంకలో ఉన్న పిల్లాడు వాళ్ళని చూసి, తనూ చెయ్యి చాపాడు.

"ఏం భాషండి అది?" అని అడిగింది ఆ తల్లి.

"స్పానిష్ అమ్మా" అన్నాను. "గోడ మీదున్నది కాదు. ఇది. ఇది ఆవిడ నేర్పింది."